రాయచూరు గరిడిలో పట్టూ విడుపూ

మన సంఘంలో చాలామందికి రాయచూరు అంటే రైలు కిటికీలోంచి చూసిన ఊరు. దక్షిణాదికి పోయే బండి అక్కడ కాసేపు ఆగుతుంది. సీసాలో నీళ్ళు పట్టుకుంటాము. బండి కదులుతుంది. అంతటితో సరి. బొంబాయి వైపు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలూ, మద్రాసు వైపు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలూ 1871లో కలుసుకున్నది ఈ ఊళ్ళోనే అన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? మాకు మాత్రం ఏం తెలుసు! మా ఆవిడ తమ్ముడు అక్కడ పత్తి వ్యాపారం చేస్తున్నాడు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఎన్నిసార్లు దిగామో లెక్కలేదు. అయినా స్టేషను నుంచి ఇంటికీ, ఇంటి నుంచి స్టేషనుకూ తప్ప, ఊరు చూసిన పాపాన పోలేదు.

ఈసారి మాత్రం చూశాము. చూడవలసి వచ్చింది. దానికి కారణం మా చిన్నవాడి మోచేయి.

వాడికి పదిహేడేళ్ళు. రెండేళ్ళనుంచి ముంబయిలో జియు జిత్సు అనే విద్య నేర్చుకుంటున్నాడు. పేరు జపానుది, ఊరు బ్రెజిలుది. మయేదా మిత్సుయో అనే జపాను యోధుడు 1914లో బ్రెజిలు చేరి, అక్కడ గ్రేసీ అనే ఇంటి కుర్రవాళ్ళకు తన విద్య నేర్పాడట. వాళ్ళు దానిని నేలమీద పడుకుని చేసే పోరాటంగా పెంచి పెద్దచేశారు. మన కుస్తీలో ఎదుటివాడి వీపు నేలకు ఆనిస్తే గెలుపు. ఇందులో ఆట అక్కడే మొదలు! కిందపడినవాడి చెయ్యో కాలో పట్టుకుని, కీలు ఏ వైపుకు వంగదో ఆ వైపుకు వంచుతారు. పట్టుబడినవాడు అరచేత్తో రెండు మూడుసార్లు తట్టాలి. తడితే వదిలేస్తారు. తట్టకపోతే?

తట్టకపోతే ఏమవుతుందో మా వాడు పోయిన ఏడు చూపించాడు. తనకంటే చిన్నవాడు, తన తరువాత చేరినవాడు, వీడి ఎడమచెయ్యి పట్టాడు. చిన్నవాడి ముందు తట్టడమా అని వీడు పళ్ళు బిగబట్టాడు. అవతలి కుర్రవాడు వదిలేలోపలే టప్పుమన్నది. ఎముక విరగలేదుగాని కీలు కట్టు తెగింది. ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడింది. మా ఆవిడ ఆరు వారాలూ వాడికి అన్నం కలిపి పెట్టింది, దానితోపాటు చీవాట్లూ పెట్టింది. "కోడి రామ్మూర్తి ననుకుంటున్నావుట్రా?" అని.

చెయ్యి బాగయింది. వాడు మళ్ళీ వెళ్తానన్నాడు. పైగా ఒక పోటీకి కాగితం తెచ్చాడు. మైనరు గనుక తల్లో తండ్రో సంతకం పెట్టాలి. మేము కలం తీయబోతే మా ఆవిడ ఆ కాగితం మడిచి తన చేతిసంచిలో పెట్టుకున్నది. అది అందులోనే వుండగా రాయచూరు నుంచి మా బావమరిది ఫోను చేశాడు: "బావా! ఈసారి ఏరువాక పున్నమికి వచ్చితీరాలి. ఇక్కడ పండగ చూద్దురుగాని."

బయలుదేరాము.

తెలతెలవారుతుండగా బండి కృష్ణ వంతెన మీదికి వచ్చింది. ఒడ్డున శక్తినగరు విద్యుత్కేంద్రం గొట్టాలు మబ్బులో మబ్బుగా కనుపించాయి. ఇక్కడినుంచి దక్షిణాన తుంగభద్ర దాకా వున్న నేలనే చరిత్రలో రాయచూరు అంతర్వేది అంటారు. బహమనీలూ విజయనగరం వారూ దీనికోసం తరాల తరబడి పెనుగులాడారు. ఒకరు పట్టేవారు, ఇంకొకరు విడిపించుకునేవారు. రెండు ఏళ్ళ మధ్య ఇంత పెద్ద గోదా దేశంలో మరొకటి వుండదేమో!

మా బావమరిది స్టేషనుకు వచ్చాడు. ఆ సాయంత్రం మమ్మల్ని కోటకు తీసుకుపోయాడు. ఊరి నడుమ రాతిగుట్ట. దానిచుట్టూ రెండు వరుసల గోడలు. లోపలి గోడ 1294లో కాకతీయుల కాలంలో విఠలుడనే సేనాని కట్టించినది. సున్నం లేకుండా, పెద్ద పెద్ద రాళ్ళు ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు చెక్కి పేర్చారు. పడమటి వైపున 40 అడుగులకు పైగా పొడవున్న ఒకే ఒక రాయి. ఆ సంగతంతా దానిమీదనే చెక్కి వుంది. పక్కన ఆ బండను పశువులచేత బండిమీద లాగించుకువస్తున్న బొమ్మ. రేపు పండగలో ఏం చూడబోతున్నామో అప్పటికి మాకు తెలియదుగాని, ఆ బొమ్మ తరువాత గుర్తుకు వచ్చింది.

1520లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను బిజాపూరు సుల్తాను సైన్యంనుంచి గెలుచుకున్నాడు. ఆ రోజుల్లో విజయనగరం వచ్చిన పేస్ అనే పోర్చుగీసువాడు రాయలవారి దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే లేచి ఒంటికి నూనె పట్టించుకుని, మట్టితో చేసిన బరువులు ఎత్తి, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తిసాము చేసి, ఆ పైన తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టి, అప్పుడు గుర్రమెక్కేవాడట. ఈ మాట చెప్పగానే మా వాడు తల్లివైపు చూశాడు. "ఆయన రాజు. మోచేయి విరిగితే అన్నం కలిపి పెట్టేవాళ్ళు వందమంది వుంటారు" అన్నది మా ఆవిడ.

మరునాడు పున్నమి. మన ఏరువాక పున్నమినే కన్నడిగులు కారహుణ్ణిమ అంటారు. పేరు రెండు, పండగ ఒకటే. తొలకరి వేళ ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి వూరేగిస్తారు. ఇంటింటా ఓళిగలు. రాయచూరులో ఈ పండగను మున్నూరు కాపు సమాజం వారు 'ముంగారు సాంస్కృతిక రాయచూరు హబ్బ' అనే పేరుతో ఘనంగా జరుపుతారు. ముంగారు అంటే మన ముంగారే, తొలకరి. మున్నూరు కాపులు తెలంగాణలో విరివిగా వున్నవారే. "వీళ్ళు ఇక్కడికి ఎప్పుడు వలస వచ్చారు?" అని అడిగాము. మా బావమరిది నవ్వాడు. "వలస ఏమిటి బావా! 1956 దాకా గద్వాలా ఆలంపురమూ ఈ జిల్లాలోవే. మనుషులు కదలలేదు, గీతలు కదిలాయి" అన్నాడు. ఊరు విడిచి దూరాన స్థిరపడిన మనవంటి వాళ్ళకు ఈ మాట కొంచెం చిత్రంగా తోస్తుంది. ఇల్లు కదలకుండానే పరరాష్ట్రంలో తెలుగువాళ్ళయినవాళ్ళూ వున్నారన్నమాట!

బండలాగుడు పందెం చూశాము. టన్నులకొద్దీ బరువున్న రాతిబండకు గొలుసు కట్టి, ఒక జత ఎద్దులను పూన్చి లాగిస్తారు. నిర్ణయించిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వారిది గెలుపు. నాగటి పశువు మోకాళ్ళు వంచి, మెడ సాచి, బండను జానెడు జానెడుగా కదిలిస్తుంటే చుట్టూ వేల గొంతుకలు ఒకటై అరుస్తాయి. కోటగోడ మీది బొమ్మ లేచి నడిచినట్టే వుంది. తరువాత గుండ్లెత్తడం, ఇసుకమూట ఎత్తడం, ఆఖరున కుస్తీ.

ఇసుకమూట చూస్తే మరొక సంగతి జ్ఞాపకం వచ్చింది. ఈ సీమకు ఉత్తరాన వున్న కల్యాణం రాజధానిగా ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు (1126–1138) సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే గ్రంథం రచించాడు. అందులో మల్లవినోదమని ఒక అధ్యాయమే వుంది. మల్లులను వయస్సునుబట్టి, బలాన్నిబట్టి తరగతులుగా విడదీయడం, వాళ్ళ తిండి, బరువులెత్తడం, నడక, ఈత, స్తంభాన్ని పట్టుకుని చేసే సాము, అన్నీ చెప్పాడు. తొమ్మిది వందల ఏళ్ళనాటి పద్ధతి ఇంకా గంజ్ ఆవరణలో చెమటలు కారుస్తున్నది!

కుస్తీ చూస్తూ మా వాడు నిలవలేకపోయాడు. ఒక పహిల్వాను ఎదుటివాని చెయ్యి వెనక్కు మెలిపెట్టాడు. "నాన్నా, అది కిమూరా!" అని కేక వేశాడు. పక్కన కూర్చున్న ఒక ముసలాయన తిరిగి చూశాడు. తలకు తెల్ల రుమాలు, చెవులు కుస్తీలో నలిగి ముడుచుకుపోయి వున్నాయి. "ఏమంటివి తమ్మా? దానికి మేము పెట్టిన పేరు వేరే వుందిలే. రేపు పొద్దున గరిడికి రా, నీ పేరేందో చెబుదువు" అన్నాడు. ఆయన ఆ పేటలో వస్తాదని మా బావమరిది చెప్పాడు.

గరిడి అనే మాట మనదీ కన్నడిగులదీ కూడా. ఎర్రపెంకుల చిన్న ఇల్లు. గుమ్మం వంగి దూరాలి. ఎవరైనా సరే, తలవంచకుండా లోపలికి పోలేరు. ఎదురుగా గూట్లో ఆంజనేయస్వామి, పక్కన గదలు. నడుమ గోదా. అందులో నూనే, మజ్జిగా, పసుపూ కలిపి మెత్తగా చేసిన ఎర్రమట్టి. మేము చెప్పులు విడిచి అరుగుమీద కూర్చున్నాము. వస్తాదు రుమాలు తీసి కూర్చున్నప్పుడు చూశాము, ఆయన కుడిచెయ్యి పూర్తిగా చాపుకోదు. కొడవలిలాగ వంగే వుంది.

"చెప్పు తమ్మా, కిమూరా అంటే ఏంది?"

మా వాడు చెప్పాడు. 1951లో జపాను జూడో వీరుడు కిమూరా రియో డి జనీరోలో హీలియో గ్రేసీతో తలపడ్డాడు. చెయ్యి వెనక్కు మెలిపెట్టాడు. ఎముక విరిగినా హీలియో తట్టలేదు. ఆయన పక్షంవాళ్ళే తువ్వాలు విసిరి ఓటమి ఒప్పుకున్నారు. ఆనాటినుంచీ ఆ పట్టుకు కిమూరా పేరే స్థిరపడింది. అంతేకాదు, 1976లో కరాచీలో మన కుస్తీ సంప్రదాయంవాడే అయిన అక్రం పహిల్వాను జపాను యోధుడు ఇనోకీ చేతిలో ఇదే పట్టుకు చిక్కాడు. ఆయనా ఒప్పుకోలేదు. చెయ్యి పాడైంది, పోటీ ఆపవలసివచ్చింది. ఇదంతా చెబుతుంటే మా వాడి కళ్ళు మెరుస్తున్నాయి. వాడికి ఆ ఇద్దరూ దేవుళ్ళు.

వస్తాదు అంతా విని తన వంకరచెయ్యి ముందుకు పెట్టాడు. "ఇది కరాచీ కాదు, జపానూ కాదు. ఒక జాతరలో జరిగింది. నాకు అప్పుడు ఇరవై ఏండ్లు. చెయ్యి దొరికిపోయింది. పంచాయతీ పెద్ద పక్కనే వుండాడు, 'విడిపించేదా?' అని అడిగినాడు. మా నాయన చూస్తుండాడని నేను తల అడ్డంగా వూపినా." ఆయన కాసేపు ఊరుకున్నాడు. "నేను గంజ్‌లో హమాలీని అప్పా. మూట ఎత్తే చెయ్యి ఇది. రెండేండ్లు మా నాయనే నా మూటలు గూడా మోసినాడు."

మా ఆవిడ మెల్లగా చేతిసంచి ఒళ్ళో సర్దుకున్నది.

తరువాత పాఠం మొదలయింది. వస్తాదు కుర్రవాళ్ళను ఇద్దరిని పిలిచి మా వాడికి చూపించాడు. వాడు తన విద్యలో నేర్చుకున్నది చెబుతున్నాడు. ఆశ్చర్యమేమంటే, ఇద్దరిదీ ఒకటే మాట! మాకు అర్థమయినంత వరకు పాఠకులకు చెబుతాము.

మోచేయి తలుపు బందువంటిది, ఒక వైపుకే తిరుగుతుంది. ఎదుటివాడు మణికట్టు పట్టుకుని, మోచేతి వెనకవైపు తన తొడమీద ఆనించి లాగితే, చెయ్యి గడ్డపార అవుతుంది, తొడ దానికింది రాయి అవుతుంది. ఎంత బలవంతుడైనా ఆ లాగుడుకు ఆగలేడు. అందుచేత మొదటి కాపుదల పట్టు పడకముందే. చేతులు చాపి ఎదుటివాణ్ణి నెట్టకూడదు, మోచేతులు డొక్కలను విడవకూడదు. "మోచెయ్యి డొక్కకు బిడ్డ. తల్లిని విడిచి దూరం పోతే దొంగలెత్తుకుపోతారు" అన్నాడు వస్తాదు.

పట్టు పడింది, చెయ్యి ఇంకా చాపుకోలేదు. అప్పుడు రెండు చేతులూ ఒకదానితో ఒకటి పెనవేసుకోవాలి, లేదా ఆ చేత్తో తన రెండవ చేతి కండను పట్టుకోవాలి. కాని ఇది గడువు మాత్రమే, విడుదల కాదు. ఆ గడువులో లేచి, తన బరువంతా ఎదుటివాని మీదికి తోయాలి. వాడి నడుము పైకి లేవకపోతే చేతిని విరిచే బలం వుండదు. అదీ దాటిపోయి చెయ్యి చాపుకుంటున్నదనుకోండి. బొటనవేలు నేలవైపు తిప్పి, మోచేతి మొనను వాడి తొడమీదినుంచి తప్పించి, ఒళ్ళంతా ఆ దిక్కుకే దొర్లించాలి. "చేతిని గుంజకు, ఒంటిని నడుపు" అని వస్తాదు పదిసార్లు అన్నాడు. బెదిరినవాడు చేతినే గుంజుతాడు. గుంజినకొద్దీ అవతలివాడి పని సులువు.

భుజం మెలిపెడుతుంటే తన లంగోటీనే పట్టుకోవాలి. వంటిని అంటిపెట్టుకున్న చేతిని వెనక్కు తీసుకుపోవడం కష్టం. కాలి విషయంలో మా వాడు చెప్పినది మమ్మల్ని భయపెట్టింది. మడమ పట్టుకుని మెలిపెడితే మోకాలిలో కట్లు తెగుతాయట, నొప్పి తరువాత తెలుస్తుందట. అందుకే అనుభవం లేనివాళ్ళకు ఆ పట్టు నిషేధించారు. "నిజమే. మోకాలు మూగది. ఏడ్చేసరికి ఆలస్యమవుతాది" అన్నాడు వస్తాదు.

అప్పుడు మా ఆవిడ నోరు తెరిచింది. "ఇన్ని విడుపులు తెలిసీ చెయ్యి పోయింది గదండీ మీకు!"

"నాకు ఆఖరి విడుపు తెలీదమ్మా. ఇవన్నీ తెలుసు, అది తెలీదు." ఆయన లేచాడు. "రా తమ్మా."

మా వాడు గోదాలోకి దిగాడు. మొదటిసారి వస్తాదు చెయ్యి పట్టబోతే మోచేయి దాచుకున్నాడు. రెండవసారి పట్టు పడ్డాక దొర్లి బయటపడ్డాడు. గోదా చుట్టూ చేరిన పిల్లలు భళీ అన్నారు. మూడవసారి ముసలాయన ఏం చేశాడో మాకు తెలియదు. ఆ వంకరచెయ్యే కొక్కెంలాగ మా వాడి ఎడమచేతికింద దూరింది. అదే చెయ్యి, అదే మోచేయి! వాడు పక్కకు తిరగబోయాడు, దారి లేదు. ముసలాయన లాగడం లేదు, ఊరికే పట్టుకుని వున్నాడు. చుట్టూ ఇరవైమంది పిల్లలు. వాడి ముఖం ఎర్రబడింది, పళ్ళు బిగుసుకున్నాయి. ఆ బిగింపు మేము ఎరుగుదుము. మా ఆవిడ లేచి నిలుచున్నది. పిలవలేదు, అరవలేదు. మేమూ ఊపిరి బిగబట్టాము. గట్టిగా అయిదు క్షణాలు గడిచివుంటాయేమో, మాకు మాత్రం ఒక ఏడు గడిచినట్టయింది.

వాడు కుడిచేత్తో మట్టిమీద తట్టాడు. ఒకటి, రెండు, మూడు.

మూడవ దెబ్బ పడేలోపలే వస్తాదు వదిలేశాడు. పిల్లలెవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం తరువాత వంతు తనదంటూ లంగోటి బిగించుకున్నాడు. వస్తాదు మా వాడి నెత్తిమీద ఇంత మట్టి చల్లి, "ఇప్పుడు నేర్చినావు. పట్టు తెలిసినోడు ఈ పొద్దు గెలుస్తాడు, విడుపు తెలిసినోడు రేపు మళ్ళీ గోదాకొస్తాడు" అన్నాడు.

పట్టూ విడుపూ వుండాలని మన పెద్దలు ఎన్నిసార్లు అనలేదు! సంసారంలో, వ్యవహారంలో, ఆఖరికి మన సంఘం కార్యవర్గ సమావేశాలలో సైతం ఆ మాట వింటూనే వున్నాము. అది ఎక్కడ పుట్టినా సరే, దాని అర్థం మాత్రం మాకు ఆ ఎర్రమట్టిలో కనిపించింది.

సెలవు తీసుకునేటప్పుడు మేము పండ్లూ తాంబూలమూ ఇచ్చాము. మా ఆవిడ అడిగింది: "వీణ్ణి పంపమంటారా, వద్దంటారా?" వస్తాదు నవ్వాడు. "నీ బిడ్డ, నీ ఇష్టం తల్లీ. నేను చెప్పేది ఒకటే. తట్టే చెయ్యి మంచిదే."

ఆ రాత్రి తిరుగు బండి ఎక్కాము. కృష్ణ వంతెన దాటుతుండగా మా ఆవిడ చేతిసంచిలోంచి ఆ కాగితం తీసింది. మడతలు సాపు చేసింది. కలం అడిగింది. సంతకం పెట్టబోతూ ఆగి, "ఏదీ, ఎలా తడతావో ఇంకొకసారి చూపించు" అన్నది. వాడు సీటు పక్క చెక్కమీద గట్టిగా మూడుసార్లు తట్టాడు. పైబర్తులోని పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి, "ఏ స్టేషనండీ?" అని తల వంచి అడిగాడు.

"రాయచూరు దాటిందండీ" అన్నాము మేము.

మా ఆవిడ సంతకం పెట్టింది.